పెద్ద గిన్నె ముందుగాల

వనపర్తిలో హెప్సిబా నడిపే జిరాక్సు సెంటరుకు కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లకన్నా ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. ఫోను నిండిపోయింది, ఫోటో దిగనంటోంది, పిల్లల వీడియోలు పోకుండా ఏదన్నా చెయ్యమ్మా అని బతిమాలుతారు. ఆమె ఫోను అందుకుని, కుర్చీ ఉండగా కూడా కూర్చోకుండా, దుకాణంలో అటూ ఇటూ తిరుగుతూనే చూస్తుంది. యాభై వచ్చినా మనిషికి కుదురు రాలేదు. కాలుగాలిన పిల్లి అని పక్క దుకాణాలవాళ్లు వెనకాల అంటారు, చనువున్నవాళ్లు మొహానే అంటారు.

"తీసి పారేసుడు ఎప్పుడైనా ఉండేదే. జర సర్ది చూద్దాం" అనేది ఆమె మొదటి మాట. ఆ మాట చదువులో నేర్చుకున్నది కాదు. వాళ్లమ్మ జములమ్మ దగ్గర నేర్చుకున్నది.

జములమ్మది గద్వాల వైపు. బాప్తిస్మంలో మరియమ్మ అని పేరు మార్చినా ఎవరి నోటా నిలవలేదు. గ్రామదేవత పేరు పెట్టుకున్న మనిషి చర్చిలో అందరికన్నా గట్టిగా పాటలు పాడుతుంటే పాస్టరు నవ్వాపుకోలేకపోయేవాడు. ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చింది. దసరా పోయిందంటే ఆమె, భర్త బాలరాజు, పిల్లలు గుంపు మేస్త్రి తెచ్చే లారీ ఎక్కి కాలువ పనులకో, ఆనకట్ట పనులకో వెళ్లిపోయేవాళ్లు. ఏ దేశమో ముందు తెలిసేది కాదు. ఆ లారీలో ఒక ఇంటికి ఒక బస్తా, ఒక గిన్నెల మూట, అంతే జాగా. మిగిలినవాళ్లు ఒకటి వదిలి ఒకటి తీసుకుపోయి, అక్కడికెళ్లాక నెత్తి కొట్టుకునేవాళ్లు. జములమ్మ మాత్రం ఇంట్లో పనికొచ్చేది ఏదీ వదిలేది కాదు. నీళ్లు కాచే పెద్ద గిన్నె, అందులో అన్నం గిన్నె, అందులో కూర గిన్నె, నడుమ అన్నం తినే తలెలు, గ్లాసులు, గ్లాసుల్లో కారం పొట్లాలు. చిన్నప్పుడు హెప్సిబా ఆత్రంగా తన గ్లాసు ముందు పెట్టబోతే చేతిమీద ఒక్కటి పడేది.

"పెద్ద గిన్నె ముందుగాల! చిన్నయి యాడనన్న దూర్తయి. పెద్దదానికి వెనక జాగ ఎవడిస్తడే?"

ఇద్దరు మోసినా గలగలమనని మూట అది.

హెప్సిబాను మిషన్ హాస్టల్లో వేశారు కాబట్టి ఇంటర్ దాకా వచ్చింది, టైపు లోయర్ పాసయింది. తొంభైల మధ్యలో, వనపర్తి కోర్టు దగ్గర కురుమూర్తి జాబ్ టైపింగులో చేరింది. టైపు కొడుతున్నంతసేపూ బల్లకింద ఆమె కాలు ఊగుతూనే ఉండేది. "కాలు ఊపకు పిల్లా, దరిద్రం" అనేవాడు కురుమూర్తి. దరిద్రం కొత్తగా వచ్చేదేముంది, పుట్టినప్పటి నుంచీ కూడా తిరుగుతున్నదే అని లోపల అనుకునేది.

కురుమూర్తి మంచివాడే కానీ, ఏదైనా మొదలుపెట్టడంలో ఉన్న హుషారు చివరిదాకా ఉండని మనిషి. తెలుగులో పెళ్లికార్డులు కొట్టిద్దామని హైదరాబాదు నుంచి పాత కంప్యూటరు ఒకటి తెచ్చాడు. దండ వేశాడు, బొట్టు పెట్టాడు, దానిమీదే కొబ్బరికాయ కొట్టబోతే హెప్సిబా చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. స్విచ్ వేశారు. తెరమీద అంకెలు గిర్రున పెరిగి, మెమరీ ఇంత ఉన్నదని చూపించి ఆగాయి. తెలుగు ప్రోగ్రాము తెరవగానే మాత్రం మెమరీ చాలదని ఒక్క ముక్క రాసి మొండికేసింది. ఎన్నిసార్లు తెరిచినా అదే మాట.

హైదరాబాదు నుంచి మెకానిక్ విజయ్ వచ్చి మరికొంత మెమరీ వేసి చూశాడు. అంకెలు ఇంకా పైకి పోయాయి, మాట మాత్రం మారలేదు.

"బాయినిండ నీళ్లున్నయి, చేంతాడు పొట్టిదాయె" అన్నాడు కురుమూర్తి ఉసూరుమంటూ.

విజయ్ ఓపికగా వివరించాడు. మెమరీ అంతా ఒకే గది కాదట. ముందుగది ఒకటి, దానిపైన సజ్జ ఒకటి ఉంటాయట. తెలుగు ప్రోగ్రాము ముందుగదిలోనే కూర్చోవాలి. కానీ మిషన్ మొదలవగానే మౌసు నడిపేది, ప్రింటరు నడిపేది, వైరసుకు కాపలా కాసేది, తెలుగు అక్షరాలు మోసేది, ఇలా నాలుగు చిన్న ప్రోగ్రాములు ముందే వచ్చి కూర్చుంటున్నాయి. మూడింటిని సజ్జ ఎక్కించాడు. అక్షరాలది మాత్రం ఎక్కనంటోంది.

"ఒకటి తీసెయ్యాలె సార్. ఏది తీసెయ్యాల్నో మీరే చెప్పుండ్రి" అని అతను బస్సెక్కి వెళ్లిపోయాడు.

తీసెయ్యడానికి ఏముంది? ప్రింటరుది తీస్తే కాగితం రాదు, మౌసుది తీస్తే గీత పడదు, కాపలాది తీస్తే ఊరంతా తిరిగొచ్చిన ఫ్లాపీలతో మిషన్ నాశనమవుతుంది. అక్షరాలు లేకపోతే పెళ్లికార్డే లేదు.

హెప్సిబాకు అన్నం సయించలేదు. ఎందుకంటే కురుమూర్తి మాట ఇచ్చి ఉన్నాడు. కంప్యూటరు నడిస్తే దానిమీద కూర్చునేది ఆమే. ఉండడానికి పాస్టరమ్మ తన ఇంటి వెనక గది ఇస్తానన్నది. నడవకపోతే మిషను వాపసు పోతుంది, హెప్సిబా లారీ ఎక్కుతుంది. టైపు పని ఒక్క మనిషికే చాలడం లేదని కురుమూర్తి ముందే చెప్పాడు. లారీ ఆదివారం వస్తుంది. మళ్లీ తట్ట, మళ్లీ గుడారం, మళ్లీ ఎవరి దేశమో తెలియని మట్టి. అది ఆమెకు వద్దు. వద్దనుకున్నందుకు సిగ్గుపడింది కూడా, అమ్మానాన్నలు అదే మట్టి మోసి తనను చదివించారు గదా అని. అయినా వద్దే వద్దు.

ఆ ఆత్రంలోనే తప్పు చేసింది. శుక్రవారం కురుమూర్తి భోజనానికి వెళ్లిన సమయంలో, బరువు తగ్గిస్తే జాగా వస్తుందనుకుని, డిస్కులో కనిపించిన పాత ఫైళ్లన్నీ చెరిపేసింది. డిస్కు వేరు, మెమరీ వేరు అని ఆమెకు అప్పటికి తెలియదు. ఆటలు పోయాయి. వాటితోపాటు వకీలు దగ్గర నుంచి వచ్చిన ఇంగ్లీషు దస్తావేజులు కూడా పోయాయి. మళ్లీ తెరిచి చూస్తే, మెమరీ చాలదు.

కురుమూర్తి అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు ఇంటికి పో పిల్లా. నాకు పరేషాన్ ఎక్కువైంది" అన్నాడు.

శనివారం పొద్దున ఇంటి ముందు జములమ్మ మూట కడుతోంది. హెప్సిబా గడపలో కూర్చోలేక, లేవలేక, వాకిలంతా తిరుగుతోంది. గిన్నెలు తోమిన చిన్న తమ్ముడు సాంసన్ గ్లాసులు తెచ్చి ముందు పెట్టేశాడు. చేతిమీద ఒక్కటి పడింది.

"పెద్ద గిన్నె ముందుగాల అని ఎన్నిసార్లు జెప్పాల్రా నీకు!"

హెప్సిబా నిలబడిపోయింది. విజయ్ సజ్జ మీదికి ముందు ఎక్కించింది చిన్నవాటిని. అవి నడిమధ్యన కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. పెద్దదైన అక్షరాలది చివర్న వచ్చి, జాగా లేక, ముందుగదిలోకి దిగి పడుకుంది.

"అమ్మా, నేను వనపర్తి పోయొస్త!"

"ఇప్పుడే గద వస్తివి, ఏం తిరుగుడే నీకు!" అని తల్లి అరుస్తుండగానే ఆమె రోడ్డెక్కింది.

కురుమూర్తి తలుపు తీసి పక్కకు జరిగాడు. హెప్సిబా కూర్చోకుండానే, ఏది ముందు ఎక్కించాలి, ఏది వెనక అని మిషన్ మొదలయ్యేటప్పుడు చదువుకునే వరసను తెరిచింది. విజయ్ పని చేస్తున్నప్పుడు భుజం వెనక నిలబడి చూసిందే. అక్షరాలదాన్ని అన్నింటికన్నా పైకి తెచ్చింది. దానికింద ప్రింటరు, తర్వాత కాపలాది, చివర్న మౌసు. మిషన్ ఆపి మళ్లీ వేసింది. అంకెలు గిర్రున తిరిగాయి. తెలుగు ప్రోగ్రాము తెరిచింది. తెర నల్లబడింది. తర్వాత తెల్లగా, ఖాళీ కాగితంలా, పేజీ వచ్చి నిలబడింది.

ఏదీ తీసెయ్యలేదు.

"ఓరి నీ!" అని కురుమూర్తి కుర్చీ తన్నేసి లేచాడు. 'శ్రీరస్తు శుభమస్తు' అని కొట్టించి, ప్రింటరు కిర్రుకిర్రుమంటుంటే కాగితం పూర్తిగా బయటికి రాకముందే లాగబోయాడు. "దస్తావేజుల సంగతి వకీలుకు నేను జెప్త. సోమవారం కూసో దీనిమీద."

ఆదివారం ప్రార్థన అయ్యాక లారీ వచ్చింది. హెప్సిబా ఆ కాగితం తల్లికి చూపించింది. జములమ్మకు చదువు రాదు, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. కూతురి తల నిమిరింది. తర్వాత కట్టిన మూట విప్పడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా, లారీ ఆగదు!"

జములమ్మ వినలేదు. గ్లాసులు తీసింది, కూర గిన్నె తీసింది, నడుమనున్న తలెల్లోంచి ఒకటి లాగింది. అంచుమీద చుక్కలతో హెప్సిబా పేరు కొట్టించిన స్టీలు తలె అది. హాస్టల్లో చేరినప్పుడు కొన్నది.

"ఉండనియ్యమ్మా. నేనేమన్న పూరాగ పోతున్ననా? మీరు పండక్కి వస్తరు గద."

"తినేది ఈడ. తలె ఆడ ఎందుకే?"

అంతే అన్నది. తలెను కొంగుతో తుడిచి కూతురి చేతిలో పెట్టి, మూట మళ్లీ కట్టింది. బాలరాజు, మేస్త్రి కలిసి మూటను లారీ మీదికి ఎత్తుతుంటే లోపల గిన్నెలు గలగలమన్నాయి. ఆ మూట అట్లా మోగడం హెప్సిబా ఎన్నడూ వినలేదు. జములమ్మకూ ఆ చప్పుడు వినపడింది. లారీ ఎక్కి, ముడి కొంచెం వదులుచేసి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి, ఆ సందులో కుక్కి, గట్టిగా బిగించింది. కూతురివైపు చూడలేదు.

ఆ తలెను ఎవరు తీసెయ్యమన్నారని హెప్సిబాకు ఏడుపొచ్చింది. తనే కదా, నెలరోజులుగా కాలు నిలవకుండా అదే కోరుకున్నది!

సోమవారం కురుమూర్తి ముందే వచ్చి దుకాణం తెరిచాడు. ముందుగదిలో ఇంకా ఎంత మిగిలిందో మిషను చూపిస్తుంటే చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

"చూడు హెప్సీ, ఎంత జాగ ఖాళీ అయిందో!"

"అవును సార్" అన్నది. మధ్యాహ్నం దుకాణం వెనక కూర్చుని ఆ తలెలో అన్నం తిన్నది. కడిగి, తుడిచి, దాన్ని పెట్టడానికి ఏ గిన్నె కనిపించక, చాలాసేపు చేతిలోనే పట్టుకుని తిరిగింది.