ముందు గంట, తర్వాత పడవ

పడవకంటే ముందు బావ దాని గంట కొన్నాడు.

పిడికిలంత ఇత్తడి గంట. పడవ ఎక్కడుందో, ఎవరమ్ముతారో, ఏ కారు దాన్ని లాగుతుందో ఇంకా ఏదీ తేలలేదు. గంట మాత్రం కళ్లజోళ్ల దుకాణంలో బల్ల మీద, ముఖం చూసుకునే అద్దం పక్కన వచ్చి కూర్చుంది. వచ్చినవాళ్లందరి చేతా ఒకసారి మోగించేవాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఏమిటో ఆ వీధికి అప్పుడు కళ్లకు కట్టింది. పక్క చెప్పుల షాపాయన ఆ రోజు నుంచే "కెప్టెన్‌గారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. అది వెటకారమని వీధి మొత్తం మీద ఒక్క బావకే తెలియలేదు.

ఆయన్ని హక్కుగా "బావా" అని పిలిచేది ఆయన భార్య చెల్లెలు. మరదలు ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. నాలుగేళ్ల పాపకు తల్లి. పాప పుట్టినప్పటి నుంచి ఏ వస్తువు చూసినా అది ఎందుకు పనికొస్తుందో కాదు, ఎలా చెడుతుందో ముందు చదివి కాని ముట్టుకోదు. మొగుడు నవ్వుతాడు. నవ్వనీ అనుకుంటుంది.

బావకూ ఆమెకూ పెళ్లిచూపుల నాటి నుంచీ పడదు. అంటే బాగా పడుతుంది.

"నీకు మనిషిలో బొమికలు తప్ప ఇంకేం కనపడవే," అంటాడు బావ.

"నీకు ఫ్రేము తప్ప కళ్లే కనపడవు కదా బావా," అంటుంది మరదలు.

ఆమె మాటలో అబద్ధం లేదు. చూపు మసకబారిందని ఎవరైనా దుకాణంలోకి వస్తే బావ ముందు ఫ్రేము తగిలిస్తాడు. ఇంకోటి తగిలిస్తాడు. మెడ పక్కకు వాల్చి చూస్తాడు. "ముఖానికి నప్పిందంటే సగం పని అయిపోయినట్టేనండీ," అంటాడు. అద్దాల సంగతి ఆఖర్న. పాపం ఆ వచ్చినాయన, తనకు నప్పిందో లేదో కూడా కనపడక, సరేనంటాడు. బావ బతుకంతా ఈ సూత్రం మీదే నడిచింది. పడవ కూడా దాని మీదే నడుస్తుందనుకున్నాడు.

పడవ వచ్చింది. చిన్నదే. ముందువైపు ఇద్దరు కాళ్లు ముడుచుకుని పడుకునేంత క్యాబిన్, ఒక బుల్లి స్టవ్వు, వెనక ఇంజను. రెండు చక్రాల ట్రైలర్ మీద ఎక్కి, దుకాణం వెనక సందులో సగం ఆక్రమించి నిలబడింది. బావ దానికి కిటికీ తెరలు కుట్టించాడు. తెరల రంగుకు సరిపోయే దిండు గలీబులు. దిక్సూచి ఒకటి, అదెటు తిరిగినా ఆయనకు అర్థమయ్యేది కాదు కానీ దాని చుట్టూ ఉన్న ఇత్తడి అంచు అందంగా ఉంది. ఆదివారం వస్తే చాలు, కళ్లజోళ్లు బిగించే సూదంత స్క్రూడ్రైవర్ పట్టుకుని క్యాబిన్‌లో దూరి, తెరల కొక్కేల దగ్గర్నుంచి గంట దాకా ప్రతి బుల్లి మరనూ బిగించేవాడు. అది ఆయన దృష్టిలో పడవ మరమ్మతు. ఆ స్క్రూడ్రైవర్‌తో ఊడదీయలేని భాగం పడవకు ఉందన్న సంగతే ఆయన పట్టించుకోలేదు.

చక్రాలకు కూడా సేవ జరిగింది. టైర్లకు నల్ల పాలిష్ పెట్టాడు. ఆ పాలిష్ కింద పక్కలన్నీ మడమల్లా పగిలి ఉన్నాయి. టైరు అరగలేదు కాబట్టి కొత్తదే అని బావ వాదన. నిలబడి నిలబడి ముసలిదైన టైరు అరగకుండానే చస్తుందని మరదలు పోరుపెట్టి, కొత్త టైర్లు వేయించేదాకా అక్క బుర్ర తినేసింది. "పైన పటారం, లోన లొటారం," అంటూ మరదలు చక్రం మధ్యలో ఉన్న మూత మీద వేలితో కొట్టింది. "దీని లోపల బేరింగులు ఎప్పుడైనా చూశావా?"

"తిరుగుతున్నాయిగా?"

"మా ఆసుపత్రికి వచ్చేవాళ్లు కూడా నడుచుకుంటూనే వస్తారు బావా."

బావ నవ్వేసి గంట కొట్టాడు.

ఇదంతా ఆయన పడవ, ఆయన సరదా, ఆయన ఖర్మ అని మరదలు వదిలేసేదే. కానీ ఆయన పాపకు మాటిచ్చాడు. మొదటిసారి సరస్సులో దిగిన రోజు పాపే కెప్టెన్ అన్నాడు. పాపకు సరిపోయే తెల్ల టోపీ కూడా కొన్నాడు. పిల్ల ఆ టోపీ పెట్టుకునే పడుకుంటోంది, ఆ టోపీతోనే అన్నం తింటోంది. ఇక తల్లి చేతిలో రెండే దారులు. పడవ బాగుందని తన కళ్లతో చూసి ఎక్కించాలి, లేదా పిల్ల కలను తన చేత్తోనే తుంచాలి. తన భర్తను అడిగి లాభం లేదు. బావ తాన అంటే తందాన అనే మనిషి.

బయల్దేరడానికి వారం ముందు లైఫ్ జాకెట్లు వచ్చాయి. పాపది మోకాళ్ల దాకా వేలాడుతోంది.

"ఇదేంటి బావా?"

"ఎదిగే పిల్ల కదే. ఒక సైజు పెద్దది తీసుకున్నా. నాలుగేళ్లు వాడుకోవచ్చు."

మరదలు పిల్లను దగ్గరకు పిలిచింది. పాపకు జాకెట్ తొడిగి, పట్టీలన్నీ బిగించి, రెండు చేతులూ పైకెత్తమంది. భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగింది. జాకెట్ సాఫీగా పైకి వచ్చేసింది. పాప కింద గచ్చు మీదే, చేతులెత్తి, నవ్వుతూ నిలబడి ఉంది.

"ఇదిగో బావా, జాకెట్ తేలింది. పిల్లేదీ?"

వంటింట్లోంచి చూస్తున్న అక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మర్నాడు మరదలు స్వయంగా వెళ్లి, పిల్ల బరువు చెప్పి, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చే జాకెట్ తెచ్చుకుంది. భుజాలు పట్టి లాగితే జాకెట్‌తో పాటు పిల్ల కూడా లేచింది. అదీ లెక్క.

బయల్దేరే ఉదయం ఇంకో వైభోగం. క్యాబిన్‌లో దిండ్లు నలగకూడదని బావ నీళ్ల డబ్బాలు, బ్యాటరీ, లంగరు, ఐసు పెట్టె అన్నీ పడవ వెనక్కి చేర్చాడు. ఇంజను ఎలాగూ అక్కడే ఉంది. కొక్కెం తగిలించగానే కారు వెనకభాగం కాస్త పైకి లేచింది.

"చూశావా, కారు కూడా హుషారుగా ఉంది," అన్నాడు బావ.

"హుషారు అన్నయ్యా," అన్నాడు మరదలి మొగుడు.

"హుషారు కాదు, బరువంతా తోకలో ఉంది," అంది మరదలు. "వేగం పెరిగితే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. దాంతోపాటు ముందున్న కారూ ఊగుతుంది. ఆ కారులో నా కూతురుంది. ముందుకు జరపండి."

అక్కాచెల్లెళ్లిద్దరూ ఎక్కి సామాను ముందుకు మోశారు. దిండ్లు నలిగాయి. కారు కాస్త కిందికి దిగి కుదురుగా కూర్చుంది. వేలాడుతున్న గొలుసులు రెంటినీ కొక్కెం కింద అడ్డంగా దాటించి తగిలించింది మరదలు. కొక్కెం ఊడినా ట్రైలర్ ముక్కు వాటి మీద పడుతుంది, రోడ్డు మీద కాదు. బావ ఈ పనులేవీ చూడలేదు. అద్దంలో టోపీ సర్దుకుంటున్నాడు.

సగం దారిలో టీ తాగడానికి ఆగారు. పక్కనే టైర్ల దుకాణం. అందరూ టీకి వెళ్తే మరదలు ట్రైలర్ దగ్గరకు వెళ్లింది. కుడి చక్రం మధ్య మూత మీద అరచెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. ఎడమ దాని మీద పెట్టబోయి, ముట్టకుండానే సెగ తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బావా, ఇటురా. ఎడమ చక్రం కాలిపోతోంది."

బావ గ్లాసుతోనే వచ్చాడు. "ఇంత దూరం తిరిగితే వేడెక్కదా? ఇంకెంత, సరస్సు వచ్చేసింది. నీళ్లలో దింపామంటే చుయ్యిమని అదే చల్లారుతుంది."

"అదే చెయ్యకూడదు! మూత లోపల గాలి వేడెక్కి ఉబ్బి ఉంది. చల్లటి నీళ్లలో ముంచితే ఒక్కసారిగా ముడుచుకుని, సందుల్లోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు కాస్తా కుడితి అవుతుంది. పాత యజమాని ఇన్నాళ్లూ అదే చేసుంటాడు."

"ఎక్స్-రే తీసి చెప్తున్నావా?"

"పాప ఈ పడవ ఎక్కదు బావా. ఈ ట్రైలర్‌ను లాగే కారు కూడా ఎక్కదు. మేం బస్సులో ఇంటికి పోతాం."

టోపీ కింద పాప మొహం నలిగింది. ఏడుపు ఇంకా బయటికి రాలేదు, పెదవి దగ్గరే ఆగి ఉంది. తల్లి అటు చూడలేదు. చూస్తే మాట జారిపోతుందని ఆమెకు తెలుసు.

అప్పుడు అక్క నోరు విప్పింది. "ఊడదీసి చూపించండి మరి. ఆదివారాలన్నీ స్క్రూలు బిగించారుగా! ఏం, పెద్దవాటికి చెయ్యి రాదా?"

మగవాడికి ఇంతకంటే ఏం కావాలి? బావ మేకపోతు గాంభీర్యంతో చొక్కా చేతులు మడిచాడు. కారు బ్రేకు వేసి, కుడి చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టి, టైర్ల దుకాణంలో జాకీ, సుత్తి అడిగి తెచ్చి, చక్రం చల్లారాక మూత ఊడదీశాడు. లోపల గ్రీజు లేదు. తుప్పు రంగు బురద ఉంది. బేరింగు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, అలవాటు కొద్దీ జేబులోంచి కళ్లద్దాలు పరీక్షించే భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు.

వెంట్రుకంత గీత ఉన్నా అద్దాన్ని వాపసు పంపే మనిషి ఆయన. ఒక్కో గుండునూ తిప్పి తిప్పి చూశాడు.

"గుంటలు పడ్డాయి," అన్నాడు చివరికి.

"వాడుకోవచ్చా?" అంది మరదలు. తెలిసే అడిగింది.

"అద్దమైతే పంపినవాడి మొహాన కొట్టేవాణ్ణి."

టోపీ తీసి బానెట్ మీద పెట్టాడు. ఇవాళ సరస్సు లేదని ఆయనే పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడు. ఆ ఒక్క పనికి మరదలు ఆయన పాపాల్లో సగం మాఫీ చేసింది. మిగతా సగం అట్టేపెట్టింది.

టైర్ల దుకాణం ఆయన కొత్త బేరింగులు తెప్పించాడు. బావ రెండు చక్రాలకీ మార్చి, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, జాకీ దించాడు. పడవ కారుకే తగిలి ఉంది. అన్ని చక్రాలకూ రాళ్లున్నాయని చూసుకున్నాక, మరదలు పాపను తనే ఎత్తి పడవలో పెట్టింది. దుకాణం ముందు మట్టినేల మీద, పాత టైర్ల గుట్టల మధ్య, పడవ మొదటి ప్రయాణం జరిగింది. కెప్టెన్ గంట కొట్టింది. రోడ్డు మీద పోతున్న లారీ ఒకటి హారన్‌తో జవాబిచ్చింది. కెప్టెన్ మళ్లీ కొట్టింది.

"సముద్రం ఈ లోతే ఉంటే నేనెప్పుడైనా వస్తా బావా," అంది మరదలు, నలిగిన దిండు మీద చేరబడి.

పాత బేరింగు ఇప్పుడు దుకాణంలో, ఒకప్పుడు గంట ఉన్న చోట ఉంటుంది. చూపు మసకబారిందని వచ్చినవాళ్ల చేతికి ముందు అదిస్తాడు. "పైన చూసి మోసపోకూడదండీ, అసలు సంగతి లోపల. నీళ్ల అంచుకు చేరాక చక్రాలు చల్లారేదాకా ఆగాలి," అంటాడు. ఎవరు చెప్పారో చెప్పడు. అంతా విన్నాక ఆ మనిషికి ఫ్రేమే ముందు తగిలిస్తాడు, అద్దాల సంగతి ఇప్పటికీ ఆఖర్నే.

తర్వాతి నెలలో సరస్సుకు వెళ్లినప్పుడు గట్టు మీద నిజంగానే ఆగాడు. వెనక తమ పడవలతో ఆగినవాళ్లు హారన్లు కొడుతుంటే ఒక్కొక్కరికీ బేరింగు పాఠం చెప్పాడు. ఈలోగా పాప తన జాకెట్ వేసుకుని, పట్టీ కాళ్ల మధ్య నుంచి తనే తీసుకుని, ఎడమ చక్రం మీద అరచెయ్యి ఆనించింది.

"చల్లగా ఉందమ్మా."

తల్లి కూడా ఆనించి చూసింది. చల్లగానే ఉంది. అయినా కుడిది కూడా చూసింది. అప్పుడు పాపను ఎక్కించి, తనూ ఎక్కింది. బావ గంట కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు కాదు. కెప్టెన్ కొడుతుంది."