పెన్సిల్ డబ్బాలో అప్పం

నిన్న నరసన్నపేటలో మా పాప ఐస్‌క్రీం మీద గుచ్చిన పల్చటి బిస్కెట్టు విరిచి నా నోట్లో పెట్టింది. అది నాలుక మీద కరుగుతుంటే అమ్మమ్మ మొహం గుర్తొచ్చింది.

అప్పుడు నేను సిస్టర్ల బడిలో మూడో తరగతి. మోకాళ్ల మీద నిలబడటం, తినేముందు ప్రార్థన చేయడం, అబద్ధమాడకపోవడం ఆ ఏడాదే నేర్పారు. ఒక పండగ పూజలో ఫాదర్ క్రీస్తు శరీరమంటూ అందరి నాలుకల మీదా బిస్కెట్టులాంటి పల్చటి తెల్లటి అప్పం పెడుతుంటే నేనూ వరసలో దూరాను. చేపల వేటకెళ్లే మా ఇళ్లలో ప్రసాదం ఒక్కరే తినెయ్యకూడదు, ఇంటికి తేవాలి. అది అమ్మమ్మ నేర్పింది. ఆమె జ్వరంతో పడుకుని ఉంది. అందుకే అప్పాన్ని నోట్లోంచి తీసి పెన్సిల్ డబ్బాలో దాచాను. దాన్ని అక్కడే మింగాలని, బయటికి తీస్తే పెద్ద పాపమని నాకు తెలీదు.

పక్కపిల్ల చూసి సిస్టర్‌కి చెప్పేసింది. డబ్బా తెరిచాక సిస్టర్ మొహం చూసి హడలిపోయాను.

"మా అమ్మమ్మే తెమ్మన్నాది సిస్టర్."

ఒకరకంగా అది నిజమేనని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు.

మర్నాడు అమ్మమ్మని పిలిపించారు. జ్వరంతోనే వచ్చింది. సిస్టర్ చెప్పిందంతా విని, ఒక్కసారి నా వైపు చూసి, క్లాసందరి ముందూ చేతులు జోడించింది.

"అవునమ్మా, నానే తెమ్మన్నాను. పిల్లకేటి తెల్సు. తప్పైపోనాది."

దారంతా తిడుతుందని ఎదురుచూశాను. ఇల్లు దగ్గరపడ్డాక మెల్లగా అడిగింది.

"అది తియ్యగుంటాదేటే?"

రుచేమీ ఉండదని చెప్పకుండా, జ్వరంతో కాలిపోతున్న ఆమె చెయ్యి పట్టుకున్నాను.