ఆహార్యంలో లేని బొట్టు

ఎచ్చెర్ల దాటి, ఆటోలో సముద్రం ఒడ్డుదాకా వస్తే మా పల్లె. ఆ వేసవిలో మా తుఫాను షెల్టరులో ఆడవాళ్లకి నాటకం నేర్పడానికి విజయనగరం నుంచి ఒక మేడమ్ వచ్చేది. బోర్డు మీద రోజుకో మాట రాసేది. కథ నడిచే దారి ఇతివృత్తం. మనుషుల మధ్య తగువు సంఘర్షణ. పక్కనున్నవాళ్లకి వినపడనట్టు జనానికి చెప్పుకునేది స్వగతం. అది విని మా తోటికోడలు, "అయితే నా కాపరవంతా స్వగతవే మేడమ్" అంది. మేడమ్ కూడా పగలబడి నవ్వింది.

నేను డిగ్రీ చదివినదాన్ని, నోరూ పెద్దదే. అందుకని ప్రధాన పాత్ర నాకే ఇచ్చింది. సముద్రంలో చేపల వేటకెళ్లిన మొగుడు తిరిగిరాని మనిషి పాత్ర. నలుగురూ నన్ను చూస్తారని నాకు ఒకటే సంబరం. చిక్కల్లా పరాకాష్ఠలో ఉంది. కథ బిగువంతా ఒకచోట చేరే ఆ ఘట్టంలో నేను బొట్టు తీసేసుకోవాలి.

మా ఆయన అప్పుడు గుజరాత్ బోట్ల మీద పనికెళ్లి ఉన్నాడు. బోటు ఒడ్డుకొస్తే ఫోన్ చేస్తాడు, లోపలికెళ్తే మాటే ఉండదు. ఆ వారమంతా ఫోన్ లేదు. మా మామ కూడా సముద్రంలోనే పోయాడు, నేను కాపరానికి రాకముందే.

"చీర, గాజులు, బొట్టు, ఇవన్నీ ఆహార్యం. వేషం అన్నమాట. పాత్ర వేరు, నువ్వు వేరు" అని మేడమ్ నచ్చజెప్పింది.

"ఆ తేడా సముద్రానికి ఎవలు సెప్తారు మేడమ్?" అన్నాను. కోపంగానే అన్నాను గానీ లోపలున్నది భయం.

పాత్ర వదులుకోవడానికి మనసొప్పలేదు, బొట్టు తీయడానికి చెయ్యి రాలేదు. చివరికి నేనే ఓ ఉపాయం కనిపెట్టాను. కుంకుమ నీళ్లతో తడిపి చిన్న బొట్టు పెట్టుకుని, ఆరాక దానిమీద పెద్ద స్టిక్కర్ అతికించుకుంటాను. ఆటలో పీకేది స్టిక్కర్నే. అంత దూరం నుంచి కుంకుమ ఎవరికీ ఆనదు. మేడమ్ సరేనంది. మా అత్తకి మాత్రం ఇవేవీ చెప్పలేదు. బొట్టు సంగతి చెవిన పడితే ఆటే మాన్పించేస్తుంది.

ఓ సాయంత్రం వలలు ఆరేసే చోట బల్లలు వేసి ఆట ఆడాం. నేను స్టిక్కర్ పీకానో లేదో, ముందు వరసలోంచి అత్త లేచింది.

"ఒసే గుంటా! నా కొడుకు బతికుండగా ఏటే ఆ పని!" అని అరుస్తూ బల్లలెక్కేసింది. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. కుంకుమ కనపడింది. బొటనవేలితో దాని అంచు తడిమి చూసింది.

ఇక దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. నా పక్కనే చతికిలబడి నన్ను దగ్గరికి లాక్కుంది. "కానియ్" అంది నెమ్మదిగా. నేను ఏడవాల్సిన ఏడుపు ఏడ్చాను. ఆట అయ్యేదాకా ఆవిడ నా వీపు నిమురుతూనే ఉంది. జనం అదీ నాటకంలోదే అనుకున్నారు. మేడమ్ తెర దించడమే మరిచిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి మా ఆయన ఫోన్ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త ఫోన్ లాక్కుని కోళ్ల దగ్గర్నుంచి చుట్టాల దాకా అన్ని కబుర్లూ చెప్పింది, నాటకం సంగతి తప్ప. ఫోన్ పెట్టేసి చేపలు తోముకోడానికి కూర్చుంటే అప్పుడడిగాను, "కుంకుమ సూసినావు కదత్తా, మరి దిగిపోనేదేటి?"

అత్త తలెత్తలేదు.

"నా బొట్టు సెరిపిననాడు ఊరు ఊరంతా వొచ్చినారు. సుట్టూ నిలబడి సూసినారు. పక్కన ఎవలూ కూకోనేదే" అంది.