మా అన్నకు తెలియని పేరు

మా తాత పేరు సుబ్రమణ్యం. మనవడు పుట్టగానే వాడికీ ఆ పేరే పెట్టించాడు. పెట్టించాడు గానీ ఇంట్లో దాన్ని పలికే దిక్కు లేదు. మా అవ్వకు అది మొగుడి పేరు, మా అమ్మ మునెమ్మకు మామ పేరు, నాయనకు తండ్రి పేరు. పెద్దాయన పేరు పెట్టి పిల్లాణ్ణి "ఒరే" అంటే కళ్ళు పోవూ? అందుకని అందరూ వాణ్ణి చిన్న తాత అనే అర్థంలో చిన్నబ్బ అన్నారు. మా వైపు ఏ వీధికి పోయినా ఇలాంటి చిన్నబ్బలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పిలవని పేరు పెట్టడమెందుకో ఆ గంగమ్మకే తెలియాలి.

అన్నకు నాలుగేళ్ళప్పుడు, డెబ్భై మూడులో, కార్వేటినగరం నుంచి అందరూ తిరుపతి గంగమ్మ జాతరకు పోయారు. వేషాలు చూస్తూ చూస్తూ వాడు అవ్వ చెయ్యి వదిలేశాడు. వెతికి వెతికి, చివరికి పందిట్లో మైకు దగ్గరికి చేరారు. మైకాయన పిల్లాడి పేరడిగాడు. తాత ముందుకొచ్చి, "సుబ్రమణ్యం. నా పేరే" అన్నాడు.

అమ్మ వెనక నిలబడి ఉంది. మామ ఎదుట గొంతెత్తే కోడలు కాదు. అవ్వ కొంగు పట్టి లాగింది.

"అత్తా, వాడికి ఆ పేరు తెలీదు. ఇంకా బడికి గూడా పోలేదు బిడ్డ. చిన్నబ్బ అని పిలవమని చెప్పు."

అది తాత విన్నాడు. "చిన్నబ్బలు ఎంతమంది ఉండారో తెలుసునా? జాతరలో ఉండేవాళ్ళంతా ఈడికే వస్తారు. నువ్వు ఊరుకో" అన్నాడు.

పొద్దుగూకేదాకా మైకులో సుబ్రమణ్యాన్నే పిలిచారు. అది తన పేరని తెలియని పిల్లాడు ఎట్లా వస్తాడు? ఎవరైనా చేరదీసి అడిగినా చిన్నబ్బ అనే చెప్పి ఉంటాడు. తండ్రి పేరడిగితే నాయన అని ఉంటాడు. ఆ మాటలు పట్టుకుని వాణ్ణి ఎవరింటికని చేరుస్తారు?

రెండేళ్ళకు నేను పుట్టాను. మా వంశంలో ఎవరికీ లేని పేరు కావాలని అమ్మ నాకు మునిలక్ష్మి అని పెట్టింది. ఎవరైనా ముద్దుకు "పాపా" అన్నారంటే కరిచినంత పని చేసేది. "పేరు పెట్టి పిలవండి, దానికి తెలియాల" అనేది. అన్నం ముద్ద నోట్లో పెట్టే ముందు నా పేరు, నాయన పేరు, ఊరు చెప్పించేది. చెప్పకపోతే ముద్ద లేదు. నేను విసుక్కునేదాన్ని.

తాత మంచాన పడ్డాక, ఒకరోజు అమ్మ జావ తీసుకుపోతే ఏడ్చాడు. "నా పేరు మీద మోజుతో బిడ్డను పోగొట్టితి గదమ్మా" అన్నాడు. అమ్మ గిన్నె కడిగి బోర్లించింది. నాకైతే ఆ మనిషి మీద ఇప్పటికీ కోపమే.

ఆయన పోయిన మరుసటి ఏడు, ఎనభై నాలుగులో, అమ్మ నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ జాతరకు పోయింది. మైకాయన్ని బతిమాలి మైకు తనే తీసుకుంది. నలుగురిలో నోరు తెరిచి ఎరగని మనిషి.

"చిన్నబ్బా, అమ్మ ఈడుండాను నాయనా. రా."

వచ్చారు. పూలమ్ముకునే ఆయన, వేషం రంగు మొహాన ఆరకముందే ఒకాయన, చంకలో బిడ్డతో ఒకాయన. అందరూ చిన్నబ్బలే, తమ అమ్మే పిలిచిందనుకుని వచ్చారు. అమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ముఖం చూసింది. పదిహేనేళ్ళ వాడొకడు కనబడితే గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఇంతలో వాడి తల్లి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

అందరూ పోయాక అమ్మ నా పక్కన కూలబడింది.

"మీ తాత చెప్పింది నిజమే మునిలక్ష్మీ. అందరూ వచ్చినారు. వాడే రాలే."