కెమెరా సంచిలో బియ్యం మూట

“పొద్దున్నే తీస్కపోయి ఆ అంగడాయనకు ఇచ్చిరా. ఇంట్లో పెట్టొద్దు.”

“ఎందుకియ్యాల జేజీ? కొత్తవి కొంటే తిడతావ్. పాతది కొంటే గూడా తిడతాండావ్!”

“పాత గిన్నె కొంటే వేరు, ఇది వేరు. ఎవురిదో, ఎట్లా సచ్చినాడో!”

“సచ్చినాడని నీకెవురు చెప్పినారు?”

“బతికుంటే అమ్ముకుంటాడా మే?”

నంద్యాలలో డిగ్రీ చదివే నా మనవరాలు ఆ ఆదివారం ఆళ్లగడ్డకు వస్తూ, పాతసామాన్ల అంగడిలో కొన్న రీలు కెమెరాను మెడకు తగిలించుకొచ్చింది. ఫోన్లో తీసే ఫోటోలు చాలవంట. నేను చదివింది మూడో తరగతి. అయినా విప్పి దులపనిదే ఏ సంచినీ గడప దాటనివ్వను. ఆ కెమెరా తోలు సంచి అడుగున మాసిన గుడ్డమూట ఒకటి దొరికింది. కెమెరా మీది సందుల్లో ఎండిన కుంకుమ. ఇంకేం కావాలి? ఎవరో ఏదో చేయించి, దాన్ని వదిలించుకున్నారనుకున్నాను.

“అది ఆయుధపూజ బొట్టు జేజీ. నువ్వు కుట్టుమిషన్‌కు పెట్టవా?”

“పెడతా. మూట గూడా కడతానా?”

నేను మూటను చీపురుతో వాకిట్లోకి తోసి, రెండు పుల్లలతో తంటాలు పడి ముడి విప్పాను. నిమ్మకాయ లేదు, వెంట్రుకలు లేవు. ఎర్రగా వేయించిన బియ్యం ఉన్నాయి. చెమ్మ పట్టకుండా నేను ఉప్పుజాడీలో వేసేది సరిగ్గా అలాంటి మూటే.

“నీ మాదిరే పిసినారామె ఎవురో ఉండాది జేజీ!” అని మనవరాలు పడీపడీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మెడపట్టీ తిప్పి చూశాను. తెగినచోట చీర ఫాల్ దారంతో, పైకి కనబడకుండా లోపలి నుంచి కుట్టి ఉంది. నేను కుట్టినా అట్లాగే కుడతాను. ఆమె ముఖం ఎట్లుంటుందో తెలియదు కానీ, చెయ్యి మాత్రం ఎరిగిన చెయ్యిలా అనిపించింది. దాంతో అనుమానం ఇంకో దారి పట్టింది. ఇంత జాగ్రత్త గల మనిషి దీన్ని ఇల్లు దాటనిస్తుందా? ఎవడో ఎత్తుకొచ్చి అమ్మి ఉంటాడు.

“దొంగసొమ్ము మే ఇది. రేపు నేనూ వస్తా. ఆమెదైతే ఆమెకు పోవాల.”

పిల్ల ముఖం వాడిపోయింది. “రీలు గూడా ఎక్కించినా జేజీ,” అని కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కరగలేదు.

మరునాడు పొద్దున ఇద్దరం నంద్యాల బస్సెక్కాం. మేము పోయేసరికి అంగడాయన తలుపులు తీస్తున్నాడు.

“దీన్ని ఎవురు తెచ్చినారప్పా?”

“ఒక పెద్దామె తెచ్చిందమ్మా. వాళ్ల ఆయనకు కండ్లు ఆనడంలేదంట, ఫోటో స్టూడియో మూసేసినారంట.”

“ఆమెదేనని ఏం గ్యారంటీ?”

“గ్యారంటీనా? ఆ స్టూలు మీద కూచొని బేరమాడి ఆడి నా పాణం తీసింది! సంచికి వేరే ఇయ్యాలంట, పట్టీకి వేరే ఇయ్యాలంట. కుట్టినందుకు గూడా అడిగింది తల్లీ!”

ఎత్తుకొచ్చినవాడు చేతికొచ్చింది తీసుకుని పోతాడు. కుట్టుకూలి అడగడు.

“వాపసు ఇస్తావా అమ్మా?” అని అతను చెయ్యి చాపాడు.

“ఇయ్యను,” అన్నాను.

మనవరాలు కెమెరా మెడకు తగిలించుకుని కాలేజీకి పోయింది. నేను ఆళ్లగడ్డ బస్సెక్కాను.