వరసలో మిగిలిన చెప్పులు

ఈ రోజు మా అమ్మాయిని తీసుకురావడానికి బాపట్లలో వాళ్ళ కాలేజీ ఈతకొలనుకు వెళ్ళాను. అక్కడి కోచ్ గారిది ముప్పై ఏళ్ళ సర్వీసు. నీళ్ళలో దిగేముందు పిల్లలు గట్టున వరసగా చెప్పులు విడవాలి, బయటికొచ్చాక వేసుకోవాలి. ఒక జత మిగిలిందంటే ఒక మనిషి నీళ్ళలోనే ఉన్నట్టు. అదీ ఆయన పద్ధతి.

సాయంత్రం అమ్మాయిలంతా బట్టలు మార్చుకోవడానికి వెళ్ళారు. గట్టున ఒక జత మిగిలింది. ఆయన విజిల్ ఊది, ప్యాంటు చొక్కాతోనే దూకేశారు. విజిల్ విని బయటికొచ్చిన పిల్లల్లో మా అమ్మాయి లేదు. ఆయన రెండుసార్లు అడుగుదాకా మునిగి, వట్టి చేతులతో పైకి తేలారు.

అప్పుడు మా అమ్మాయి తల తుడుచుకుంటూ గదిలోంచి వచ్చింది. "ఏంటమ్మా, అవి నీ చెప్పులే కదా!"

వరస కనబడితే నా చెయ్యి ఊరుకోదు. వచ్చినప్పుడు గట్టెక్కుతూ నావీ విడిచి, చివర తిన్నగా సర్దిపెట్టాను.

"తప్పయిపోయింది సార్," అన్నాను.

ఆయన రొప్పుతూ, "పర్లేదమ్మా. ఇన్నేళ్ళలో మిగిలిన జత ఇదొక్కటే. మీవి కావడమే మంచిదైందండి," అన్నారు.

ఇంటికి తెనాలి బస్సెక్కేదాకా ఆ చెప్పుల్ని చేత్తోనే పట్టుకొచ్చాను. మీరైతే వేసుకోగలిగేవారా?