పెట్టిన పేరు

మంగళవారం పొద్దున అంగడి షట్టరు ఎత్తుతుండగా చింతామణి నుంచి ఫోను వచ్చింది. "అక్క నిద్రలోనే పోయిందప్పా" అన్నారు టీచరమ్మగారి చెల్లెలు. నేనేమీ అడగకముందే, "గురువారం నాగరగెరెకు పోవాలని సంచి కూడా సర్ది పెట్టుకోనుండాది" అని ఏడ్చారు. ఆ గురువారం ఆమెతో నేనూ వెళ్లాల్సింది. ఎందుకో చెప్పాలంటే మా జాబితా సంగతి చెప్పాలి.

బాగేపల్లిలో నాది చిన్న జెరాక్స్ అంగడి. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. తక్కినదంతా అంగడికొచ్చిన కాగితాలు చదివి నేర్చుకున్నదే. ఉద్యోగ విరమణ తరువాత టీచరమ్మగారు ప్రతి శనివారం ఏదో ఒక బడికి వెళ్లి, ఈ సీమలో వెనకటికి బతికిన ఆడవాళ్ల కథలు పిల్లలకు చెప్పేవారు. కలరా గత్తర వచ్చిన ఏడు ఇంటింటికీ గంజి మోసినామె, తన వసారాలో ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించినామె, ఇలాంటివారి కథలు. వాటి నకళ్లకు నా దగ్గరికి వచ్చేవారు. వరుస లేని కాగితాలను చూసి ఊరుకోలేక, ఒకనాడు నేనే పేరు, ఊరు, చేసిన పని అని గళ్లు గీసి, సంఖ్యలు వేసి ఇచ్చాను. ఆమె అద్దాలు కొంగుతో తుడుచుకుని చదువుతూ ఏడో వరుస దగ్గర ఫక్కున నవ్వారు.

నేను రాసింది "గుడిబండమ్మ, నాగరగెరె, బావి తవ్వించినారు" అని.

"ఇది పేరు కాదప్పా, బస్సు బోర్డు!"

గుడిబండ ఆమె పుట్టిన ఊరు; మా వైపు కోడలిని పుట్టింటి ఊరిపేరుతో పిలుస్తారు. మా అమ్మను ఊరంతా "మంచేనహళ్ళామె" అని పిలవగా వింటూ పెరిగిన నాకే ఆ సంగతి తట్టలేదు.

"పిలిచే పేరా, పెట్టిన పేరా? ముందు అది అడుగు. ఊరి పేరు రాస్తే పుణ్యం ఊరికే పోతాది" అన్నారు.

ఆనాటి నుంచి ఆ గడి ఖాళీ. తాలూకా ఆఫీసు పాత దాఖలాల్లో "ఫలానావాని భార్య" అని మాత్రమే ఉంది. పోయిన నెల, బావి తవ్వించినామె మనవరాలు నాగరగెరెలోనే ఉన్నట్టు తెలిసింది. తొంభైకి దగ్గరైన ముసలమ్మ. అందుకే ఆ గురువారం ప్రయాణం.

జాబితా చివర ఒకసారి టీచరమ్మగారి పేరు కూడా చేర్చాను. ఆమె రబ్బరుతో చెరిపేశారు. "ఆమె పేరు దొరికేదాకా నా పేరు యాడా రాయొద్దు. వరుస తప్పితే నీకే అన్నం సయించదు గదప్పా!" అని ఆట పట్టించారు. ఈ వ్యాసంలో ఆమె పేరు లేకపోవడానికి కారణం అదే.

అంత్యక్రియల తరువాత చెల్లెలు ఆ సంచి నా చేతిలో పెట్టారు. నోటుపుస్తకం, చెక్కిన పెన్సిలు, ముసలమ్మకని తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు. ఆకులు వాడిపోకముందే వెళ్లాలనిపించి, గురువారం ఒక్కణ్ణే వెళ్లాను.

"టీచరమ్మ రాలేదా?" అని అడిగింది ముసలమ్మ. చెప్పాను. ఆకులు అందుకుని ఒక్కొక్కటే కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మా అవ్వ పేరా? అవ్వా అనే అంటిమి. మా తాత 'ఏమే' అనేటోడు. ఒకే ఒక్కతూరి పేరు పెట్టి అరిచినాడు, బావి మెట్ల మీద ఆమె కాళ్లకాడ పాము కనపడినప్పుడు. నేను ఆడనే ఉన్నా. సా... కాదు, చా... నోట్లోనే ఉండాది నాయనా, బయటికి రాలేదు."

నేను పెన్సిలు పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఈమె కూడా పోతే ఆ పేరు తెలిసిన నోరు ఇక లేదు. ఏడో గడి నిండకపోతే చివర టీచరమ్మగారి గడీ నిండదు.

"గుర్తొస్తే చెప్పంపిస్తా, పోయిరాప్పా" అంది.

బావికి దగ్గరలోనే ఆగి ఉన్న బస్సు కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆమె కర్ర ఊనుకుంటూ బావి గట్టుకు చేరి, తాత అరిచిన చోటే కాబోలు నిలబడి, లోపలికి వంగి ఒక్కొక్క పేరే పిలిచి చూసుకుంటోంది.